పిల్లల వార్డులోకి అడుగుపెట్టే ముందు

మా తమ్ముడి మనవరాలు వైద్య విద్యార్థిని. మొన్న సెలవులకు వచ్చినప్పుడు వరండాలో నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, "తాతగారూ, వచ్చే సోమవారం నుంచి నాకు పిల్లల వార్డులో పోస్టింగు. ఈ వారం రోజుల్లో ఏ పుస్తకం చదువుకుని వెళ్ళమంటారు?" అని అడిగింది. దాదాపు నలభై ఏళ్ళు శిశువైద్యం చేసినవాణ్ణి కనుక నా నాలుక చివర నాలుగు పుస్తకాల పేర్లైనా ఉంటాయని ఆ అమ్మాయి అనుకుని ఉంటుంది. నిజానికి ఆ క్షణంలో నాకు ఏ పుస్తకమూ గుర్తుకు రాలేదు. ఒక తల్లి గుర్తుకు వచ్చింది.

ఆ తల్లి సంగతి చెప్పే ముందు, వైద్య కళాశాలల లోపలి విషయాన్ని మీ ముందు ఎందుకు పెడుతున్నానో మనవి చేయాలి. వైద్యులు ఎవరి మీద నేర్చుకుంటారు? మీ పిల్లల మీదనే. బోధనాసుపత్రిలో చేరిన బిడ్డను మొదట తాకే చేయి చాలాసార్లు ప్రొఫెసరుది కాదు. పందొమ్మిది, ఇరవై ఏళ్ళ విద్యార్థిదో, హౌస్ సర్జనుదో అయి ఉంటుంది. వేయిమందిని చంపితే గాని వైద్యుడు కాడని మన పెద్దలు వేళాకోళంగా అన్నారు. ఆ వేయిమందిలో ఒక్క బిడ్డ కూడా ఉండకూడదని కోరుకునే హక్కు మీకుంది. అందుకు ఆ విద్యార్థిని వార్డులోకి ఎలా సిద్ధం చేసి పంపుతున్నారన్నది మీరు పట్టించుకోవలసిన విషయమే.

ఇక నా తప్పు. అది 1970ల చివరి భాగం. అప్పుడు నేను ఒక ప్రభుత్వాసుపత్రిలో హౌస్ సర్జన్‌ని. చలికాలపు ఉదయం, పిల్లల ఓపీ కిటకిటలాడుతోంది. పల్లె నుంచి వచ్చిన ఒక తల్లి ఎనిమిది నెలల బిడ్డను భుజాన వేసుకుని నా బల్ల ముందుకు వచ్చింది. "రెండు రోజుల నుంచి డొక్కలెగరేస్తున్నాడు బాబూ, పాలు కూడా పట్టుకోవడం లేదు" అంది. నేను పట్నంలో పెరిగినవాణ్ణి. ఆ మాట అంతకు ముందు విననిది కాదు. కానీ బిడ్డ నలతగా ఉన్నాడని చెప్పడానికి మాటవరసకు అంటున్న మాటగా తీసుకున్నాను. చల్లటి స్టెతస్కోపు చొక్కా మీదనే ఆనించాను. బిడ్డ గుక్కపట్టి ఏడ్చాడు. నాకు ఏడుపు తప్ప మరేమీ వినిపించలేదు. దగ్గుమందు రాసి, మూడు రోజుల తరువాత రమ్మని, "తరువాత ఎవరమ్మా?" అన్నాను.

గుమ్మం దగ్గర చీటీలు చూసి మందులు ఇప్పించే సిస్టరుగారు ఆ తల్లిని ఆపారు. ఆమె చేసింది ఒక్కటే పని, బిడ్డ చొక్కా పైకెత్తారు. మరుక్షణం బిడ్డను ఎత్తుకుని నా దగ్గరకు వచ్చి, పది మందిలో నా పరువు పోకుండా మెల్లగా, "డాక్టరుగారూ, ఒక్కసారి ఇటు చూడండి" అన్నారు. తల్లి భుజం మీద అలసి ఏడుపు మానిన బిడ్డ ఊపిరి పీల్చినప్పుడల్లా రొమ్ము కింది భాగం, పక్కటెముకల అంచు లోపలికి గుంటపడుతోంది. చేతి గడియారం చూసుకుని లెక్కపెట్టాను. నిమిషానికి 68. తీవ్రమైన న్యుమోనియా. ఆక్సిజన్ పెట్టి, పెన్సిలిన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టాము. ఆరో రోజున బిడ్డ తల్లి ఒడిలో కూర్చుని నా కళ్ళజోడు లాగాడు.

బిడ్డ దక్కాడు కనుక ఈ కథ చెప్పగలుగుతున్నాను. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టనిది ఆ బిడ్డ గురించి కాదు. అదే వారంలో అంతకు ముందు నాలుగు రోజులు అదే బల్ల దగ్గర కూర్చుని ఎంతమంది చొక్కాలు ఎత్తకుండా పంపించి ఉంటాను? ఆ నాలుగు రోజులూ ఆ సిస్టరుగారు రాత్రి డ్యూటీలో ఉన్నారు. గుమ్మం దగ్గర ఎవరూ లేరు. దీనికి జవాబు నాకు ఈనాటికీ తెలియదు.

ఆ రోజు నాకు న్యుమోనియా గురించి తెలియక పోలేదు. దానికి కారణమయ్యే సూక్ష్మజీవుల పేర్లు, ఊపిరితిత్తిలో వచ్చే మార్పులు, సూక్ష్మదర్శినిలో అవి కనిపించే తీరు అడిగితే అప్పజెప్పగలిగేవాణ్ణి. నాకు రానివి మూడు: తల్లి మాట వినడం, చొక్కా ఎత్తి చూడడం, ఒక నిమిషం నిలబడి లెక్కపెట్టడం. ఆ మూడూ నాకు ఎవరూ నేర్పలేదు. వాటిని నేర్పవలసిన విద్యలుగా ఎవరూ భావించలేదు. నా చదువు రోజుల్లో శిశువైద్యం ప్రత్యేక పరీక్షాంశం కూడా కాదు, జనరల్ మెడిసిన్ పరీక్షలో ఒక మూల ఉండేది. ఇప్పుడు ప్రత్యేక పరీక్ష ఉంది, ప్రత్యేక పుస్తకాలున్నాయి, బొమ్మల మీద అభ్యాసం చేసే ప్రయోగశాలలున్నాయి. అయినా ఆ మూడు విద్యల పరిస్థితి పెద్దగా మారలేదని నా అభిప్రాయం.

మొదట తల్లి మాట సంగతి. శిశువైద్యంలో రోగి మాట్లాడడు. రోగం గురించి చెప్పేది మరొకరు, ఆమె చెప్పేది తన భాషలో. తెలుగు తల్లుల నోట ఎంత వైద్యం ఉందో గమనించండి. "మాడు లోపలికి పోయింది" అంటే ఒంట్లో నీరు తగ్గిపోయిందని అర్థం. "మాడు పొంగింది" అంటే మెదడు పొరల వాపేమోనని వెంటనే అనుమానించాలి. "గుడ్లు తేలేశాడు, పళ్ళు బిగబట్టాడు" అంటే ఫిట్స్. "తోటకూర కాడలా వాలిపోతున్నాడు" అంటే స్పృహ తగ్గుతున్నదన్న హెచ్చరిక. "కడుపులో బల్ల పెరిగింది" అంటే ప్లీహం వాచింది. "కోరింత దగ్గు", "తట్టు", "ఆటలమ్మ", "గవదలు" అన్నవి ఒక్కొక్కటీ ఒక్కొక్క రోగ నిర్ణయమే. ఐదేళ్ళలోపు పిల్లల జబ్బులకు ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన పద్ధతిలో అన్నిటికంటే ముందు చూడవలసిన ప్రమాద సూచనలు నాలుగు: తాగలేకపోవడం లేదా పాలు కుడవలేకపోవడం, తీసుకున్నదంతా కక్కేయడం, ఫిట్స్ రావడం, మత్తుగా పడి ఉండడం లేదా స్పృహ లేకపోవడం. ఈ నాలుగిటి జాడా బిడ్డను తాకకముందే తల్లి మాటల్లోనే దొరుకుతుంది. తెలిసిన చెవి కావాలి, అంతే.

ఆ చెవి ఈనాటి విద్యార్థికి ఎక్కడిది? చాలామంది మూడో ఏటి నుంచి ఆంగ్ల మాధ్యమంలో చదివినవారు. ఇంటర్మీడియట్ రెండేళ్ళూ హాస్టలు గదుల్లో నీట్ ప్రశ్నల మధ్య గడిపినవారు. ఇతర రాష్ట్రాల నుంచి వచ్చి మన కళాశాలల్లో చేరిన పిల్లలకు తెలుగే కొత్త. వీరిని నిందించడం నా ఉద్దేశం కాదు. 2019 నుంచి అమలులోకి వచ్చిన కొత్త ఎంబీబీఎస్ పాఠ్య ప్రణాళికలో మొదటి నెల ఫౌండేషన్ కోర్సు పెట్టి, అందులో స్థానిక భాష నేర్పాలన్నారు. మంచి ఆలోచన. అయితే మొదటి నెలలో నేర్చుకున్న "మీ పేరేమిటి, ఎక్కడ నొప్పి" అన్న తెలుగు రెండేళ్ళ తరువాత పిల్లల వార్డులో అడుగుపెట్టేసరికి మిగలదు, మిగిలినా చాలదు. నా మాట చెల్లితే, పిల్లల వార్డు పోస్టింగుకు ముందు వారం రోజులు ప్రతి విద్యార్థి చేతా ఒక చిన్న నోటు పుస్తకంలో తల్లుల మాటలు రాయిస్తాను. అటు శ్రీకాకుళంలో ఒక మాట, ఇటు ఆదిలాబాదులో మరొక మాట ఉంటుంది, అనంతపురంలో ఇంకొకటి. ఆ మాటల పట్టికను ప్రొఫెసర్లకంటే వార్డులోని ఆయాలు, అంగన్‌వాడీ కార్యకర్తలు బాగా చెప్పగలరు. వారినే కూర్చోబెట్టి చెప్పించాలి. వారికి ఆ గంటకు గౌరవ వేతనం కూడా ఇవ్వాలి.

రెండవది లెక్కపెట్టడం. ఇది వినడానికి మరీ చిన్న పనిలా ఉంటుంది. 1980లలో పాపువా న్యూగినీలో పనిచేసిన ఫ్రాంక్ షాన్ అనే శిశువైద్యుడు, ఆయన సహచరులు దగ్గుతో వచ్చిన పిల్లలను జాగ్రత్తగా పరిశీలించారు. ఎక్స్‌రే లేనిచోట, స్టెతస్కోపు పట్టడం రానిచోట కూడా ఊపిరి వేగాన్ని, రొమ్ము కింది భాగం గుంటపడడాన్ని బట్టి న్యుమోనియాను పట్టుకోవచ్చని చూపారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రాలు ఇటువంటి పరిశీలనల మీదనే నిలిచాయి. మన పొరుగునే, ప్రాణహిత నది ఆవల ఉన్న గడ్చిరోలి జిల్లాలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు పల్లె ఆరోగ్య కార్యకర్తలకు, మంత్రసానులకు ఈ విద్య నేర్పారు. అంకెలు రాని స్త్రీల కోసం పూసలు, ఇసుక గడియారం ఉన్న చిన్న పరికరాన్ని తయారు చేశారు. వారి కృషి వల్ల ఆ పల్లెల్లో న్యుమోనియాతో చనిపోయే పిల్లల సంఖ్య తగ్గిందని 1990లో లాన్సెట్ పత్రికలో ప్రచురితమైంది. చదువురాని మంత్రసాని పూసలు జరిపి పట్టుకోగలిగిన జబ్బును, ఐదేళ్ళు చదివిన నేను చొక్కా ఎత్తక వదిలేశాను. ఆ వ్యాసం చదివిన రోజున నాకు కలిగిన సిగ్గు ఇంతా అంతా కాదు.

ఆ అంకెలు మీరూ తెలుసుకోదగినవి. రెండు నెలలలోపు బిడ్డ నిమిషానికి 60 లేదా అంతకంటే ఎక్కువసార్లు ఊపిరి తీస్తే అది వేగంగా ఉన్నట్టు. రెండు నెలల నుంచి ఏడాదిలోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ళలోపు 40. బిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా, నిమ్మళంగా ఉన్నప్పుడు పొట్ట కదలికను చూస్తూ నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయడం పిల్లల విషయంలో పనికిరాదు. పసిబిడ్డ ఊపిరి ఒకే తాళంలో నడవదు. కాసేపు గబగబా తీసి, కొన్ని క్షణాలు ఆగి, మళ్ళీ మొదలుపెడుతుంది. అందుకే చంటిబిడ్డలో 60 దాటినట్టు కనిపిస్తే మరోసారి లెక్కపెట్టాలి. విద్యార్థులకు నిమిషం నిలబడడం ఎంత కష్టమో మీరు ఊహించలేరు. ఇరవయ్యో క్షణానికే వారి చూపు చేతిలోని ఫోను మీదకు పోతుంది. పక్క మంచం మీద మరింత "ఆసక్తికరమైన కేసు" ఉంటుంది.

మూడవది చూడడం. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలని ఉంది.

పెద్దవారిని పరీక్షించే క్రమం తల నుంచి పాదాల వరకు ఒక వరుసలో సాగుతుంది. జనరల్ మెడిసిన్ వార్డులో ఆ వరుస వంటబట్టించుకుని వచ్చిన విద్యార్థి పిల్లల వార్డులో కూడా అదే మొదలుపెడతాడు. తల్లి ఒడిలోని బిడ్డను తీసి మంచం మీద పడుకోబెడతాడు. నోరు తెరిపించి టార్చి వేస్తాడు. ఇక ఆ బిడ్డ అరగంట ఏడుపు ఆపదు. ఆ తరువాత గుండె చప్పుడూ వినబడదు, కడుపూ మెత్తగా దొరకదు. పిల్లల దగ్గర వరుస వేరు. దూరం నుంచి చూడగలిగినవి ముందు, తాకితే తెలిసేవి తరువాత, నొప్పి పుట్టించేవి అన్నిటికంటే చివర. చెవులు, గొంతు ఎప్పుడూ ఆఖరు. బిడ్డ స్థానం తల్లి ఒడి. స్టెతస్కోపును అరచేతిలో కాసేపు వెచ్చబెట్టి, ముందు తల్లి చేతికి ఆనించి, ఆ తరువాత బిడ్డకు ఆనించాలి. ఆటవస్తువు అనుకుని బిడ్డ దాన్ని లాక్కుంటే లాక్కోనివ్వాలి. లాక్కునే బిడ్డకు ప్రమాదం లేదన్న సంగతి అక్కడే తెలిసిపోతుంది కదా!

ఇది పాశ్చాత్య వైద్యం కనిపెట్టిన కొత్త సంగతి కాదు. బిడ్డల వైద్యాన్ని కౌమారభృత్యం అన్న పేరుతో ఒక ప్రత్యేక శాఖగా గుర్తించిన ఆయుర్వేదంలో కాశ్యప సంహిత అనే గ్రంథం ఉంది. అందులో వేదనాధ్యాయమని ఒక అధ్యాయం. నోరులేని బిడ్డకు ఎక్కడ నొప్పిగా ఉందో ఆ బిడ్డ చేష్టలను బట్టి ఎలా గ్రహించాలో అందులో చెప్పారు. తల అటూ ఇటూ దొర్లిస్తే ఒక బాధ, చేతులతో చెవులను తడుముకుంటే మరొక బాధ. నేను అల్లోపతి వైద్యుణ్ణి. ఆ గ్రంథంలోని చికిత్సలను సమర్థించడానికి ఈ ప్రస్తావన తేలేదు. చూపు పట్ల వారికున్న శ్రద్ధను మెచ్చుకోవడానికి తెచ్చాను.

కాబట్టి నా సూచన ఒకటుంది. కొందరు మిత్రులైన ప్రొఫెసర్లు దీన్ని విని నవ్వారు కూడా. పిల్లల వార్డులో మొదటి మూడు రోజులు విద్యార్థి మెడలో స్టెతస్కోపు ఉండకూడదు. (అది లేకపోతే తాము వైద్య విద్యార్థులమని ఆసుపత్రి కాపలాదారు కూడా నమ్మడని వారి బాధ!) ఆ మూడు రోజులూ విద్యార్థి ఏ బిడ్డనూ "పరీక్షించ" కూడదు. ఒక మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చోవాలి. బిడ్డ ఎలా పాలు తాగుతున్నాడో, నిద్రలో ఎలా ఊపిరి తీస్తున్నాడో, ఎవరి మొహం చూసి నవ్వుతున్నాడో, నర్సు సూది వేసేటప్పుడు ఏ చేత్తో తోస్తున్నాడో చూసి సాయంత్రం ఒక పేజీ రాయాలి. ఆ పేజీని దిద్దవలసినది వార్డు సిస్టరు. జబ్బు బిడ్డను గుర్తించాలంటే ముందు ఆరోగ్యంగా ఉన్న బిడ్డ ఎలా ఉంటుందో తెలియాలి కనుక, మరొక రెండు రోజులు టీకాల కేంద్రంలోనో, అంగన్‌వాడీలోనో గడపాలి. ఐదు నెలల బిడ్డ బరువు పుట్టినప్పటికి రెట్టింపు, ఏడాదికి మూడింతలు అవుతుందన్న వాక్యం పుస్తకంలో చదవడం వేరు, త్రాసు మీద కాళ్ళు కొట్టుకునే పది మంది బిడ్డలను తూచి చూడడం వేరు.

బరువు అన్నాను కనుక మందుల మోతాదు గురించి ఒక మాట. పెద్దలకు ఒక మాత్ర అంటే ఒక మాత్రే. పిల్లలకు ప్రతి మందూ కిలోకు ఇన్ని మిల్లీగ్రాములని లెక్క. దశాంశ బిందువు ఒక స్థానం జరిగితే మోతాదు పదింతలవుతుంది. మీ ఇళ్ళలో ఉండే పారాసెటమాల్‌నే తీసుకోండి. చుక్కల మందులో ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉంటుంది. సాధారణంగా దొరికే ఒక రకం సిరప్‌లో ఐదు మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములు, మరొక రకంలో ఐదు మిల్లీలీటర్లకు 250. ఆరు కిలోల బిడ్డకు కిలోకు 15 చొప్పున 90 మిల్లీగ్రాములు కావాలి. చుక్కల మందైతే 0.9 మిల్లీలీటరు, 125 సిరప్ అయితే 3.6 మిల్లీలీటర్లు. సిరప్‌కు రాసిన కొలతతో చుక్కల మందు పోస్తే బిడ్డకు నాలుగింతలు పడుతుంది. విద్యార్థి చీటీ మీద ఉత్త "పారాసెటమాల్" అని రాసి ఊరుకుంటే ఈ తప్పు జరిగేది మీ వంటింట్లో. ఈ లెక్కలు తడుముకోకుండా చేయగలడని తేలే వరకు ఏ విద్యార్థి చేతా పిల్లల చీటీ రాయించకూడదు. మీరు కూడా మందు సీసా చేతికి వచ్చినప్పుడు "ఎన్ని మిల్లీలీటర్లు? ఏ సీసాలోది?" అని అడగండి. అడిగితే విసుక్కునే వైద్యుడిది తప్పు, మీది కాదు.

శుభ్రత గురించి పెద్దగా చెప్పనక్కరలేదు, అందరికీ తెలిసినదే, కొందరే చేసేది. ఉంగరాలు, గాజులు, గడియారం తీసి మోచేతుల వరకు కడుక్కోకుండా నవజాత శిశువుల గదిలోకి పోకూడదు. జలుబుతో ఉన్న విద్యార్థి ఆ రోజు ఆ గడప దాటకూడదు. తట్టు, ఆటలమ్మ, హెపటైటిస్ బి టీకాలు విద్యార్థికి పడ్డాయో లేదో పోస్టింగుకు ముందే కళాశాల కనుక్కోవాలి. హాజరు తగ్గుతుందన్న భయంతో విద్యార్థి దగ్గు దాచుకుని వచ్చే పరిస్థితి ఉంటే ఆ నియమం మార్చవలసినది కళాశాలే.

బొమ్మల మీద అభ్యాసం ఎక్కడ తప్పనిసరి అంటే, పుట్టగానే ఏడవని బిడ్డ విషయంలో. తుడిచి, వెచ్చగా ఉంచి, అప్పటికీ ఊపిరి తీయకపోతే మొదటి నిమిషంలోపే ముసుగు పెట్టి సంచితో గాలి అందించాలి. దీనిని గోల్డెన్ మినిట్ అంటారు. ఆ నిమిషంలో పుస్తకం తెరిచే వ్యవధి ఉండదు. ముసుగు ఏ కోణంలో పట్టాలో చేతికే తెలియాలి. బొమ్మ మీద యాభైసార్లు చేసిన చేయి బిడ్డ మీద వణకదు. ఇటువంటి చోట బొమ్మకు నా నమస్కారం. కానీ తల్లి ఒడిలో ఏడ్చే బిడ్డను మచ్చిక చేసుకోవడం ఏ బొమ్మా నేర్పదు.

ఎవరూ మాట్లాడని సంగతి మరొకటి. పిల్లల వార్డులో పిల్లలు చనిపోతారు. ఇరవై ఏళ్ళ విద్యార్థి జీవితంలో చూసే మొదటి మరణం ఒక పసిబిడ్డది కావచ్చు. నేను విద్యార్థిగా ఉండగా మా కళ్ళ ముందే నెలలు నిండకుండా పుట్టిన ఒక బిడ్డ పోయింది. మా ప్రొఫెసరుగారు తల్లి పక్కన నేల మీద కూర్చున్నారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆమెను బంధువులు తీసుకువెళ్ళిన తరువాత మా వైపు తిరిగి, "ఈ రోజు పాఠం లేదు. పోయి అన్నం తినండి. రేపు పొద్దున అందరూ రావాలి, ఒక్కరూ మానకూడదు" అన్నారు. ఆయన చెప్పిన పాఠాలు చాలా మరిచిపోయాను. ఆయన నేల మీద కూర్చోవడం మరిచిపోలేదు. ఆ మరునాడు మేమంతా వెళ్ళాము. ఇప్పుడు వైఖరి, నీతి, సంభాషణ అనే పేర్లతో పాఠాలు ప్రవేశపెట్టారు, సంతోషమే. అయితే ఆ పాఠాన్ని తెర మీద చూపించే గురువు ఒకసారి వార్డులో నేల మీద కూర్చుని కూడా చూపించాలి.

ఇవన్నీ నేర్చుకునే తీరిక విద్యార్థికి ఏదీ అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. హౌస్ సర్జన్సీ ఏడాది చేతులారా నేర్చుకోవలసిన ఏడాది. అదే ఏడాది పీజీ ప్రవేశ పరీక్ష తల మీద వేలాడుతుంటుంది. ఆ పరీక్షలో నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తించాలి. బిడ్డ ఊపిరి లెక్కపెట్టడం వచ్చా అని అక్కడ ఎవరూ అడగరు. తెలివైన పిల్లవాడు ఏం చేస్తాడు? వార్డులో సంతకం పెట్టి చదువుకోవడానికి పోతాడు. వాడిని తిట్టి ప్రయోజనం లేదు. దేన్ని పరీక్షిస్తే దాన్నే చదువుతారు. ఒక విద్యార్థిని తల్లీబిడ్డల ముందు పది నిమిషాలు నిలబెట్టి, పక్కనుంచి గమనించి మార్కులు వేసే పరీక్షకు ఎక్కువ విలువ ఇస్తే, మరుసటి ఏడాదే వార్డులు విద్యార్థులతో నిండుతాయి. అది ఖర్చుతో, శ్రమతో కూడుకున్న పని. లక్షమంది చేత ఒక్క రోజున కంప్యూటరు ముందు జవాబులు గుర్తింపజేయడం సులువు.

ఇక మీ వంతు. మీ బిడ్డ బోధనాసుపత్రిలో ఉంటే మంచం చుట్టూ విద్యార్థులు చేరతారు. మీకు చిరాకు కలగడం సహజం. ఒకరి తరువాత ఒకరు ఐదుగురు కడుపు నొక్కుతుంటే ఏ తల్లి సహిస్తుంది? మీరు వద్దనవచ్చు. వద్దన్నందుకు మీ బిడ్డ వైద్యం ఆగకూడదు, ఆగదు. "ఒక్కరే చూడండి", "చేతులు కడుక్కుని రండి", "ఇప్పుడే నిద్రపోయాడు, లేపకండి" అని చెప్పవచ్చు. ఎదిగిన ఆడపిల్లనైతే తల్లి పక్కన లేకుండా పరీక్షించడానికి ఒప్పుకోనక్కరలేదు. కానీ వీలైనప్పుడు ఒక విద్యార్థిని దగ్గర కూర్చోబెట్టుకోండి. ఎక్కడో విన్న ఇంగ్లీషు జబ్బు పేర్లు కాకుండా, మీరు చూసినది మీ మాటల్లో చెప్పండి. వాడు అర్థం కాక తెల్లమొహం వేస్తే మళ్ళీ చెప్పండి. ఆనాడు ఆ పల్లెటూరి తల్లి నాకు రెండోసారి చెప్పే ధైర్యం చేయలేదు. నేను తెల్ల కోటులో ఉన్నాను మరి.

ఇంతకూ మా మనవరాలికి ఏ పుస్తకం చెప్పానని అడుగుతారేమో. పక్కింట్లో కోడలు పురిటికి వచ్చి ఉంది; బిడ్డకు మూడో నెల. సెకన్ల ముల్లు ఉన్న నా పాత గడియారం ఆ అమ్మాయి చేతికిచ్చి, పెద్దావిడను అడిగి, నిద్రపోతున్న బిడ్డ ఊపిరి లెక్కపెట్టుకుని రమ్మన్నాను. అరగంటకు వచ్చింది. "తాతగారూ, మొదటిసారి 38 వచ్చింది, రెండోసారి 44. ఏది రాసుకోను?" అంది. రెండోసారి లెక్కపెట్టేటప్పుడు బిడ్డ ఏం చేస్తున్నాడని అడిగాను. కాస్త ఆలోచించి, "చూడలేదు. అంకెలే చూస్తున్నాను" అని, చెప్పులు వేసుకుని మళ్ళీ పక్కింటికి వెళ్ళింది.